నర్సవ్వ సానపట్టిన గాజుబిళ్ళ

మొన్న మా మేనకోడలి కూతురి పెళ్ళికి గాజులు కొందామని లాడ్‌బజారుకు వెళ్ళాను. ఒక దుకాణం అరుగు మీద ఒకాయన కుంపటి పెట్టుకుని, పుల్లకు చుట్టిన లక్కముద్దను తిప్పుతూ వేడి చేస్తున్నాడు. ఆ వాసన తగలగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కాస్త చెట్టు బంక, కాస్త తీపి, అడుగున కొంచెం మాడు. "సైజు చెప్పుండ్రి అమ్మా" అని దుకాణదారు రెండుసార్లు అడిగినా నాకు వినిపించలేదట. "ఏమైంది అత్తమ్మా, కండ్లు తిరిగినయా?" అని మేనకోడలు కంగారుపడింది. నర్సవ్వ గుర్తొచ్చిందన్నాను. ఎవరామె అంది. నలభై ఏళ్ళు దవాఖానల్లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నానని మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ, నన్ను ఆ పనిలో నిలబెట్టిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. తప్పు నాదే, ఎప్పుడూ చెప్పలేదు. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కూడా. అందుకని రాస్తున్నాను.

మాది ఛత్రినాక. మా బాపు బర్రెల్ని పెట్టుకుని ఇళ్ళకు పాలు పోసేవాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను. మా ఇళ్ళలో ఆడపిల్లకు అప్పట్లో అదే ఎక్కువ. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, పాతబస్తీలోని ఒక జనానా దవాఖానలో నెత్తురు పరీక్ష నేర్చుకోవడానికి ఆడమనిషి కావాలన్నారు. పరదా ఇళ్ళ స్త్రీలు మగవాడి చేతికి వేలు ఇవ్వరు కదా. బాపును పది రోజులు సతాయించి చేరాను. సూదితో వేలు పొడవడం, ఆ బొట్టును గాజుపలక మీద పల్చగా పరచడం, రంగు పోసి ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం నా పని. చలిజ్వరం పురుగు ఎర్రకణం లోపల చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. ఉంగరానికి రాయి పొదిగినట్టు ఒక చుక్క కూడా ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇంత చిన్నది అంతంత మనుషుల్ని పడగొడుతోందా అని ఒకటే ఆశ్చర్యం.

దవాఖాన నిజాం సర్కారుదే అయినా, మైక్రోస్కోపూ క్వినైను బిళ్ళలూ మాత్రం కంటోన్మెంటులో ఉండే ఒక ఇంగ్లీషు దొర ఆఫీసు నుంచి వచ్చేవి. క్వినైను తీసే బెరడు జావా నుంచి రావాలి. జావా జపానువాళ్ళ చేతికి పోయాక బిళ్ళలు దొరకడం గగనమైపోయింది. ఉన్నవాటిలో మొదటి వాటా పటాలానికి. మిగిలినవి మాకు ఒక షరతు మీద ఇచ్చేవారు. ఎవరి నెత్తురులో పురుగు కనిపిస్తే వారికే బిళ్ళ. చూసిన గాజుపలకను కూడా దొర ఆఫీసుకు పంపాలి, అక్కడ సరిచూసుకుంటారు. మనిషి ఎదురుగా వణికిపోతున్నా సరే, పలక చూడనిదే బిళ్ళ లేదు. మా పెద్ద డాక్టరమ్మను అందరం డాక్టర్ సాహెబా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, పాతబస్తీ ఇంట్లోనే పుట్టి పెరిగి, ఢిల్లీలో చదివి వచ్చినావిడ. ఆ షరతు కాగితం చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ చెట్టు ఎక్కడో దక్షిణ అమెరికా జంగల్‌ది బేటీ. జరానికి పనికొస్తదని అక్కడి మనుషులే తెల్లోళ్ళకు చెప్పిన్రు. విత్తనాలు పట్కపోయి తోటలు పెట్టుకున్నరు. ఇప్పుడు మన జరానికి వాళ్ళ దస్కతు కావాలె" అన్నారు. అన్నారే గానీ, ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం ఏం చేస్తారు.

నర్సవ్వ మొదటిసారి మా దగ్గరికి వచ్చింది రోగిగానే. కార్వాన్‌లో రాళ్ళకు సానపట్టే ఇల్లు వాళ్ళది. భర్త పోయాడు, కొడుకు బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. దాంతో సాన ముందు ఆమే కూర్చుంది. నగల సేట్లు కెంపులు, నీలాలు తెచ్చి ఆమె చేతిలో పోసి వెళ్ళేవారు. అరవై ఏళ్ళ పొట్టి మనిషి. నోరు మాత్రం వీధి చివరి దాకా వినిపించేది. నెత్తురు చూసి, పురుగు ఉందని చెప్పాను.

"నా నెత్తుర్ల పురుగున్నదని నువ్వు జెప్తె నేను నమ్మాల్నా? నాకు సూపియ్యవా?" అంది.

రోగులకు చూపించకూడదని ఏ కాగితంలోనూ లేదు. చూపించాలని కూడా లేదు. వెనక బెంచీ మీద ఇరవైమంది ఎదురుచూస్తున్నారు, ఈమెతో లొల్లి ఎందుకని పక్కకు జరిగాను. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూసింది. ఆ చూడటం పనితెలిసినవాళ్ళ చూపులా ఉంది, నేనది గమనించాను. ఆ తరువాత, నేను ఆపేలోగా, కంటి దగ్గర ఉండే పొట్టి గొట్టాన్ని పైకి లాగి ఊడదీసి, కిటికీ వెలుతురుకు పట్టి, అందులోని గాజుబిళ్ళను తిప్పి తిప్పి చూడసాగింది.

"సాన మస్తుగ పట్టిండు. ఎవలాయన?"

"లండన్ కంపెనీ అవ్వా. ముందుగాల గది ఇటియ్యి!"

"కంపెనీకి చేతులుంటయా పొల్లా? ఎవడో ముసలోడు కూసోని పట్టి ఉంటడు. నడుం గుంజి ఉంటది పాపం."

గొట్టం లాక్కుని నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఆమె నవ్వుకుంటూ బిళ్ళల పొట్లం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ సాయంత్రం మైక్రోస్కోపు పెట్టెకు తాళం వేస్తూ ఆగిపోయాను. దాన్ని రోజూ పసిపిల్లలా తుడిచేదాన్ని, దండం కూడా పెట్టేదాన్ని. ఒక మనిషి కూర్చుని దాన్ని చేసి ఉంటాడన్న ఆలోచన ఆ రోజు దాకా నాకు రాలేదు.

ఆ ఏడు వానలు విరగబడ్డాయి. మూసీకి ఇటూ అటూ ఇంటికొక జ్వరం. ఒక మధ్యాహ్నం పలక మీద పలక చూస్తూ, చెమటకు మసకబారిందని కంటిగొట్టం ఊడదీసి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. వెనక బెంచీ మీద ఒకామె చలికి ఊగిపోతూ ముందుకు పడబోయింది. నేను చటుక్కున తిరిగి ఆమెను పట్టుకున్నాను. మనిషి చేతికి దొరికింది, గొట్టం షాబాదు బండ మీద పడింది. అందులో ఉండే రెండు గాజుబిళ్ళల్లో పైది మూడు ముక్కలైంది. దవాఖానకు ఉన్నది ఆ ఒక్క గొట్టమే.

డాక్టర్ సాహెబా నన్ను ఒక్క మాట అనలేదు. కంటోన్మెంటుకు ఉత్తరం రాశారు. వారం తిరిగాక జవాబు వచ్చింది. అలాంటి పరికరాన్ని తయారు చేసిన లండన్ కంపెనీయే బాగుచేయాలి, ఇక్కడి పనివాళ్ళ చేతికి ఎంతమాత్రం ఇవ్వకూడదు, పెట్టెలో పెట్టి సీలు వేసి ఉంచాలి, ఓడలు దొరికినప్పుడు పంపుదాం, అంతదాకా పలకలు మా ఆఫీసుకు పంపండి, చూసి చెబుతాం. ఇదీ సారాంశం. పంపాం. అక్కడ పటాలంవాళ్ళ పలకలు ముందు చూసేవారు. మా ఆడవాళ్ళ పలకలకు జవాబు రావడానికి పదిహేను రోజులు పట్టేది. అలా వచ్చేవాళ్ళలో ఒక గాజులాయన భార్య ఉండేది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ "జవాబు రాలేదమ్మా" అని పంపేశాను. నాలుగోసారి ఆమె తమ్ముడు వచ్చి, ఇక పరీక్ష అక్కర్లేదని చెప్పి వెళ్ళాడు. మరో మూడు రోజులకు జవాబు వచ్చింది, ఆమె నెత్తురులో పురుగు ఉందని. ఆ కాగితం పట్టుకుని నేను పరదా వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

అదే వారం మా వదిన యాదమ్మకు చలి మొదలైంది. ఆమెకు ఆరో నెల. మూడు గొంగళ్ళు కప్పినా మంచం కదిలిపోయేది. "బర్రె పిల్లకు తాగిపిచ్చిన్రా?" అని జ్వరంలోనూ అడిగే మనిషి. డాక్టర్ సాహెబా చేయి పట్టుకు చూసి, నన్ను బయటికి పిలిచి, ఇంకో రెండు మూడుసార్లు ఇలా వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదమే అన్నారు. బీరువాలో మిగిలి ఉన్న బిళ్ళలు పది పదిహేను. అన్నిటికీ లెక్క అడుగుతారు, ప్రతి దానికీ ఒక పలక చూపించాలి. అప్పుడు నాకు నర్సవ్వ గుర్తొచ్చింది. ఆమె చేత బిళ్ళ పట్టిద్దామని భయం భయంగానే డాక్టర్ సాహెబాతో చెప్పాను.

"పెట్టెకు సీల్ వెయ్యమన్నరు. వేస్త. పెట్టెల గొట్టం ఉన్నదా లేదా రాయమనలే" అన్నారు. ముక్కల్ని దూదిలో చుట్టి, గొట్టంతో సహా నా చేతిలో పెట్టారు. తెలిస్తే నా నౌకరీ పోతుంది, ఆవిడ మీద విచారణ జరుగుతుంది. ఇద్దరికీ తెలుసు.

పురానాపూల్ దాటి కార్వాన్‌లో అడుగుతూ అడుగుతూ నర్సవ్వ ఇల్లు పట్టుకున్నాను. చిన్న గది, గడప పక్కనే సాన. కుడిచేత్తో విల్లులాంటి కమానును ముందుకూ వెనక్కూ లాగుతుంటే చక్రం తిరుగుతుంది. ఎడమచేతిలో పుల్ల, పుల్ల కొసకు లక్కతో అతికించిన రాయి. పక్కన లక్క కరిగించే కుంపటి. నేను చెప్పింది విని, ముక్కల్ని మైనంతో ఒకచోట కూర్చి, వెచ్చని లక్కముద్దలో అదిమి అచ్చు తీసుకుంది. "ఒకదిక్కు బల్లపరుపు, ఒకదిక్కు ఉబ్బు. గింతేనా" అని లేచి, అటక మీంచి రెండు ఇత్తడి గిన్నెలు దించింది. వాళ్ళ మామ స్ఫటికపు రాయితో కళ్ళద్దాలు చేసేవాడట. ఆ రాయిని ఉబ్బుగా అరగదీసే గిన్నెలవి.

"ఆరుండె బిడ్డా. నేను కాపురానికొచ్చిన కొత్తల ఒక దొర వచ్చిండు, పనోళ్ళ మీద కితాబు రాస్తనని. నాలుగొద్దులు గీ గడపల్నే కూసుండు. అన్ని అడిగిండు, అన్ని కొల్సుకుండు. లండన్ల సూపిచ్చి పంపిస్తనని నాలుగు గిన్నెలు పట్కపోయిండు. మా మామ సచ్చేదాక ఎదురుసూసిండు. కితాబైతె వచ్చిందట. సేటు సదివి జెప్పిండు. 'ఈ పనివాళ్ళకు లెక్క తెలియదు, అలవాటు కొద్దీ చేస్తారు' అని రాసిండట."

మిగిలిన రెండు గిన్నెల్లో ఒకటి అచ్చుకు దగ్గరగా ఉంది. దాన్నే కొంచెం అరగదీసి సరిచేసింది. ఇక రాయి. పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన తెల్లటి స్ఫటికం తీసింది. నీళ్ళలో వేస్తే కనిపించనంత స్వచ్ఛమైనది. మామ తన కోసం దాచుకున్న రాయట. అంత విలువైనది ఎందుకు, గాజు ముక్క సరిపోదా అన్నాను. అంతే, ఇంతెత్తున లేచింది.

"గాజా? నా సాన మీదనా? నా మొగడు బతికినన్ని దినాలు గాజు ముట్టలే. గాజుకు సానపట్టిన ఇంటికి ఏ సేటూ రాయి ఇయ్యడు, ఎరికేనా? రాయి దీసి గాజు పెడ్తరని భయం. గీ గల్లీల గాజు పట్టిన ఒక ఇల్లు ఎట్ల పోయిందో నా కండ్లతోని సూసిన."

నాలుగు రోజుల్లో బిళ్ళ తయారైంది. చీకటి గదిలో కూడా మెరిసేంత నిగనిగ. పరుగున తెచ్చి గొట్టంలో బిగించి, వదిన నెత్తురు పలక పెట్టి చూశాను. ప్రతి కణానికీ పక్కన ఇంకొక పల్చటి కణం. ప్రతి అంచుకూ ఇంకో అంచు. ఉంగరమో, నీడో, మరకో తెలియడం లేదు. కళ్ళు కడుక్కుని వచ్చి చూశాను. డాక్టర్ సాహెబా చూశారు, పుస్తకం తిరగేశారు. స్ఫటికం గుండా పోయే వెలుతురు రెండుగా చీలుతుందట. కళ్ళద్దాల్లో తెలియదు గానీ, ఇంత పెద్దగా చూపించే పరికరంలో తెలిసిపోతుంది. అక్కరకొచ్చేది మామూలు గాజే.

మర్నాడు నర్సవ్వ తానే వచ్చింది, ఎట్లున్నదని అడగడానికి. ఆ ముఖంలో ఉన్న సంబరం చూసి నిజం చెప్పలేకపోయాను. మామ దాచిన రాయిని కోసి ఇచ్చిన మనిషి. "మంచిగున్నదవ్వా" అన్నాను. ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, నన్ను పక్కకు జరిపి కన్ను పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఒక్కదానికి రెండు కనవడ్తున్నయి. మంచిగున్నదంటివి?"

"నువ్వు బాధపడ్తవని..."

"నేను బాధపడకుంటె నీ వదిన బతుకుతదా?" అంది. అరవలేదు, మామూలుగానే అంది. ఆ ఒక్క మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టర్ సాహెబా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. సంగతంతా చెప్పారు. ఆ తరువాత, ఇలాంటి చిన్న గాజుబిళ్ళలను సానపట్టి, నీటిబొట్టులో కదిలే పురుగుల్ని లోకంలో అందరికంటే ముందు చూసినవాళ్ళలో ఒకాయన హాలెండు దేశంలో బట్టల వ్యాపారి అని చెప్పారు. నేత ఎంత దగ్గరగా ఉందో చూడటానికి వాళ్ళకు అద్దం బిళ్ళ అలవాటట. నర్సవ్వ చాయ్ సాసరు కింద పెట్టేసింది.

"బట్టలమ్మేటోడా? పెద్ద చదువులోడు కాదా?"

"పెద్ద చదువులేదు. చేతిల పని, కంట్ల ఓపిక. అంతే."

"అయితె మా కార్వాన్ల గసుంటోళ్ళు మస్తు మందున్నరు" అని నర్సవ్వ పకపకా నవ్వింది. ఆ గదిలో చాలా రోజుల తరువాత వినిపించిన నవ్వు అది. నవ్వి నవ్వి ఆగి, చేతులు చూసుకుంటూ కాసేపు కూర్చుంది. ఆమె ఏం లెక్కేసుకుంటోందో నాకు తెలుసు. అడిగే ధైర్యం నాకు లేదు, అడక్కుండా ఉండే ధైర్యం కూడా లేదు. ఆమే లేచి, "జుమ్మేరాత్ బజార్ల జుమ్మర్ల గాజు దొరుకుతది. నడువు" అంది.

ఏ నవాబు ఇంటి దీపాల గుత్తి నుంచి రాలిందో, బొటనవేలంత గాజు లోలకు ఒకటి ఆ పాతసామాన్ల బజారులో దొరికింది. లోపల ఒక్క బుడగ కూడా లేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి నర్సవ్వ సానను గడప దాటించి అరుగు మీదికి లాక్కుంది. పొద్దున తొమ్మిది గంటలు, సందులో బండ్లు, మనుషులు, కూరల అంగడికి పోయేవాళ్ళు.

"లోపల కూసో అవ్వా. తలుపేస్కో. ఎవరన్న చూస్తరు" అన్నాను.

"తలుపేస్తె దొంగతనమైతది. నేనేం దొంగతనం జేస్తున్న? వెలుతురు గూడ ఈడనే మంచిగున్నది" అని కమాను లాగడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి ఆమెకు రాళ్ళు ఇచ్చే సేటు అటుగా వచ్చాడు. వచ్చాడో, ఎవరైనా చెబితే వచ్చాడో. తల వంచి పుల్ల కొసను చూశాడు.

"నర్సమ్మా, గిది గాజు గదా?"

"గాజే సేటు. దవాఖాన దుర్బీనుకు. దాచిపెట్టి పడ్తె అడుగు, జవాబు జెప్త."

సేటు చెడ్డవాడు కాదు. నీ మీద నాకు అనుమానం లేదు గానీ నలుగురు నన్నడుగుతారు అని, లోపల పెట్టెలో ఉన్న తన కెంపుల పొట్లం అడిగి తీసుకున్నాడు. నర్సవ్వ లేచి ఇచ్చి, వచ్చి మళ్ళీ కూర్చుంది. కమాను ఆగలేదు. కాకపోతే ఆ పూట అంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నోరు మూసుకున్న నర్సవ్వను చూడటం నాకు అదే మొదటిసారి. నేను నీళ్ళు చిలకరిస్తూ పక్కన కూర్చున్నాను, మా వదిన కోసం ఈమె అన్నం పోగొట్టుకుంటోందని లోలోపల కుమిలిపోతూ.

మూడో రోజు సాయంత్రానికి బిళ్ళ అయింది. స్ఫటికమంత మెరుపు లేదు. మసక పసుపు ఛాయ కూడా ఉంది. మర్నాడు పొద్దున్నే గొట్టంలో బిగించి, వదిన పలక పెట్టి, కన్ను ఆనించాను. కణం ఒక్కటే. అంచు ఒక్కటే. పలకను మెల్లగా జరుపుతూ పోతే మధ్యలో ఉంగరం, దాని మీద చుక్క. అంత చెడ్డ పురుగును చూసి అంత సంతోషపడినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. డాక్టర్ సాహెబాను పిలిచాను. ఆవిడ చూసి బీరువా తాళం తీశారు. ఆ రోజు చీకటి పడేదాకా పలకలు చూస్తూనే ఉన్నాను. వదిన జ్వరం అయిదో రోజుకు దిగింది. చలికాలంలో ఆడపిల్ల పుట్టింది, బర్రె దూడంత గట్టిది. మొన్న నాతో లాడ్‌బజారుకు వచ్చిన మేనకోడలు అదే.

తనిఖీకి దొర వచ్చినప్పుడు డాక్టర్ సాహెబా ఏమీ దాచలేదు. సీలు వేసిన పెట్టె ఖాళీదని చెప్పి, మైక్రోస్కోపు చూపించి, నర్సవ్వ పేరు, ఊరు అన్నీ చెప్పారు. దొర ముఖం ఎర్రబడింది. కానీ కన్ను పెట్టి ఒకసారి చూశాడు, మళ్ళీ రెండోసారి చూశాడు. మేం పంపిన పలకలను వాళ్ళ ఆఫీసులో సరిచూస్తే ఒక్కటీ తప్పు పోలేదు, అది అతనికీ తెలుసు. తాత్కాలిక ఏర్పాటుగా ఉంచుకోండి అని వెళ్ళిపోయాడు. ఆ ఏడాది చివర అచ్చయిన నివేదికలో మాత్రం, ఆఫీసువారి సలహా మేరకు పరికరాన్ని స్థానికంగా బాగుచేయించినట్టు రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం పట్టుకుని కార్వాన్ వెళ్ళి చదివి వినిపించాను.

"దొర సలహానా? రమ్మను. గా దొరను గీడ కూసోబెట్టి కమాను గుంజిపిస్త. రెండు దినాలల్ల నడుం నొప్పి లేస్తది, అప్పుడు సలహా ఎవలదో తెలుస్తది" అని నవ్వి, నేను తెచ్చిన పెరుగు గిన్నె అందుకుంది.

సేట్లు ఎవరూ రాళ్ళు ఇవ్వని ఆ నెలల్లో ఆమె ఇల్లు ఎలా గడిచిందో పూర్తిగా నాకు తెలియదు, ఆమె చెప్పలేదు. డాక్టర్ సాహెబా మాత్రం ఊరుకోలేదు. చూపు ఆనని పరదా స్త్రీలు చష్మా దుకాణాలకు వెళ్ళలేరు. వాళ్ళకు ఎంత ఉబ్బు బిళ్ళ కావాలో దవాఖానలోనే చూసి రాసి పంపేవారు. నర్సవ్వ గాజుతో కళ్ళద్దాలు పట్టి ఇచ్చేది. మెల్లమెల్లగా ఆమె అరుగు మీద మళ్ళీ సందడి వచ్చింది. రెండేళ్ళు తిరిగాక, దగ్గరి చూపు మందగించి, అదే సేటు కళ్ళద్దాల కోసం వచ్చి వరుసలో కూర్చున్నాడట. ఆ సంగతి నర్సవ్వ నాకు చెప్పినన్ని సార్లు ఇంకెవరికీ చెప్పి ఉండదు.

యుద్ధం అయిపోయాక లండన్ నుంచి పెట్టె వచ్చింది. కొత్త కంటిగొట్టం, ముట్టుకుంటే మాసిపోతుందేమో అన్నంత కొత్తది. నాకెందుకో దాన్ని విప్పబుద్ధి కాలేదు. విప్పి చూశాను. ఒకే పలకను ముందు నర్సవ్వ బిళ్ళతో, తరువాత లండన్ బిళ్ళతో చూశాను. లండన్‌దే మంచిది. నడుమ రెండూ ఒకటే గానీ, అంచుల దగ్గర నర్సవ్వ బిళ్ళ కొంచెం అలుక్కుపోతుంది, లండన్‌ది అలుక్కుపోదు. ఆమెను ఒకసారి రమ్మని కబురు పెట్టాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె రెండు గొట్టాలూ మార్చి మార్చి చూసింది. లండన్ గొట్టం ఊడదీసి, నన్నడిగే, కిటికీ దగ్గర పట్టింది. నాకు భయం వేసింది, ముసలిదానికి ఏమనిపిస్తుందోనని. ఆమె ముఖం మాత్రం, పండగకు పుట్టింటివాళ్ళు వచ్చినట్టు వెలిగిపోయింది.

"నాకంటె మంచిగ పట్టిండు ముసలోడు. రెండు బిళ్ళల నడుమ సందు నా దాంట్ల ఉన్నదానికంటె జరంత తక్కువున్నది, సూడు. గదీ సంగతి! నాకు తెల్వనే తెల్వదు" అని నా గడ్డం పట్టుకుని ఊపింది. "ఇప్పుడు పనికొచ్చినవ్ పొల్లా. బిళ్ళ పట్టుడు ఎవలన్న నేర్సుకుంటరు. గిట్ల మొకం మీద జెప్పేటోళ్ళు దొరకరు."

నేను ఆ తరువాత చాలా చోట్ల పనిచేశాను, పెద్ద పెద్ద మైక్రోస్కోపుల మీద పనిచేశాను. ఎంతోమంది ఆడపిల్లలకు పని నేర్పాను. మనది కాబట్టి మంచిదనో, తెల్లవాళ్ళది కాబట్టి గొప్పదనో వాదించుకునేవాళ్ళను ఎన్నో సభల్లో విన్నాను. నాకు మాత్రం ఆ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషే గుర్తుకొస్తుంది. ఆమె ఇంటి నుంచి గిన్నెలు తీసుకున్నారు, పేరు తీసేశారు, మా జ్వరానికి వాళ్ళ అనుమతి పెట్టారు. అవన్నీ ఆమెకు తెలుసు, ఒక్కటీ మర్చిపోలేదు. అయినా ఎవరో ముక్కూముఖం తెలియని పనివాడు తనకంటే బాగా చేశాడని తెలిసినప్పుడు ఆమెకు ఇంత కూడా అసూయ కలగలేదు, అవమానం అనిపించలేదు. అలాంటి సంతోషం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాకు రావాలని జీవితమంతా ప్రయత్నించాను, కొన్నిసార్లు వచ్చింది.

ఆ రోజు డాక్టర్ సాహెబా చాయ్ తాగి వెళ్ళమన్నారు. నర్సవ్వ ఆగలేదు. లండన్ గొట్టం నుంచి లక్కలో అచ్చు తీసుకుని, కొంగులో కట్టుకుని, అప్పటికే గుమ్మం దాటేసింది.

"చాయ్ రేపు తాగుత డాక్టరమ్మా. ఇంక రెండు గంటల వెలుతురున్నది" అంది.